అమ్మమ్మ భుజం మీద ఎర్రచార

మా తాతయ్య కెమెరాకి మనుషులకున్నట్టే రెండు కళ్లు. పేరు స్టీరియో రియలిస్ట్. అమెరికాలోని మిల్వాకీకి చెందిన డేవిడ్ వైట్ సంస్థ 1947లో అమ్మకాలు మొదలుపెట్టి 1971 దాకా తయారుచేసింది. మీట ఒక్కసారి నొక్కితే చాలు, ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి రెండు బొమ్మలు పడతాయి. వాటిని వ్యూయర్‌లో పెట్టి చూస్తే మనిషి మన ముందే నిలబడినట్టుంటుంది.

అమెరికాలో చదువుకునే రోజుల్లో తాతయ్య దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఊరికొచ్చాక నాలుగేళ్లు తెగ ఫొటోలు తీశాడు. ఆ తర్వాత బొమ్మల్లో ఎర్రటి చారలు కనిపించసాగాయి. ‘నా చెయ్యి పాడైంది’ అంటూ కెమెరాని ట్రంకుపెట్టెలో పెట్టేశాడు. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు!

నిరుడు అమ్మమ్మ పోయాక పాత స్లైడ్లు బయటికి తీశాను. తులసికోట పక్కన అమ్మమ్మ. భుజం మీద ఎర్రచార. ఎందుకో కుడికన్ను మూసి చూశాను. చార మాయం! మిగతా స్లైడ్లూ చూశాను. ఎందులో చూసినా చార కుడి బొమ్మలోనే ఉంది. చెయ్యి తప్పయితే ఒక్క బొమ్మే ఎందుకు పాడవుతుంది?

ఈ కెమెరాలో ఒక జంటలోని రెండు బొమ్మలకీ మధ్య ఇంకో రెండు బొమ్మల చోటుంటుంది. ఫిల్ము ప్రతిసారీ రెండేసి చోట్లు జరుగుతుంది. అందుకే ఎడమ బొమ్మ కుడి లెన్సు వెనక ఎప్పుడూ ఆగదు. అంటే వెలుగు చొరబడుతున్నది కుడివైపే. ఒక స్లైడు చట్రం విప్పి చూస్తే, చార ఫిల్ము అంచున ఉండే చిల్లుల దాకా పాకింది. లెన్సు వైపు నుంచి వచ్చిన వెలుగైతే బొమ్మ హద్దు దగ్గరే ఆగాలి. ఇక అనుమానం వెనక మూత మీదే.

రాత్రి తలుపులన్నీ మూసి, బటన్ సెల్‌తో వెలిగే చిన్న బల్బు కెమెరాలో పెట్టి మూత బిగించాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మెల్లగా తిప్పుతూ చూశాను. కుడివైపు పై అంచున వెంట్రుకంత వెలుగు! అక్కడ వేలికి తగిలీ తగలని చిన్న సొట్ట. దానిమీద నల్లటేపు అంటించి, ఎండలో ఒక రీలు తీయించాను. ఒక్క చారా లేదు.

పరుగున వెళ్లి తాతయ్యకి చూపించాను. సొట్ట మీద వేలితో రాసి చాలాసేపు ఊరుకున్నాడు.

‘‘పెళ్లివారింట్లో మీ అమ్మమ్మ చేతిలోంచి జారి గచ్చుమీద పడిందిరా. పైకి ఏమీ కాలేదు కదాని నేనే సర్దిచెప్పాను.’’

‘‘అప్పుడే తెలిసుంటే బాగుండేది తాతయ్యా. ఇన్నేళ్లూ ఫొటోలు తీసేవాడివి.’’

తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

‘‘తెలియకపోవడమే మంచిదైంది. తనవల్లే పాడైందని తెలిస్తే పిచ్చిది బతికినన్నాళ్లూ బాధపడేది.’’