ఒక్కచోటనే నిలిచి తీసిన పటములు



రాత్రివేళ ఆకాశమును ఫోటో తీయుట డబ్బున్నవారి వేడుక యని నీవు తలంచవచ్చును. నీ యింట సెల్ ఫోను ఒకటి యుండి, అది కదలకుండ ఆనించుటకు ఇటుకరాయి దొరికినయెడల ఆ వేడుక నీకును అందును. నేను పి.గన్నవరములో కొన్నియేండ్లుగా ఈ పని చేయుచున్నాను. దీనివలన నాకు కానీ రాబడి లేదు. అయినను దీనివలన నేర్చుకొనినది నీతో చెప్పవలెనని యున్నది.

మా యూరు నీవెరుగుదువు. వైనతేయ గోదావరిమీద 1852లో, కాటన్ దొరగారి కాలమున, 49 కమానులతో అక్విడెక్టు కట్టి, కాలువ నీటిని నదిమీదుగా ఆవలి గట్టు పొలములకు దాటించిరి. 2000 సంవత్సరములో దాని ప్రక్కనే క్రొత్తది వచ్చినది. పాతది నేటికిని నిలిచియున్నది. పగలు ఆ దారిని బస్సులు, కొబ్బరికాయల లారీలు పోవుచుండగా ఎవరును తలయెత్తి చూడరు. అమావాస్యనాటి రాత్రి గట్టుమీద పావుగంట ఊరకనే కూర్చుండి చూడుము. కన్ను చీకటికి అలవాటు పడినకొలది ఒక్కొక్క చుక్కయే బయటపడును. జనవరి మాసమున రాత్రి ఎనిమిది గంటలకు నడినెత్తికి చేరువగా చుక్కల గుంపొకటి కనబడును. మన పల్లెలలో దానిని పిల్లలకోడి యందురు. యోబు గ్రంథములో నీవు చదివిన కృత్తికలు అవియే. వాటికి తూర్పుగా మృగశీర్ష యుండును.

ఇక ఉత్తరమునకు తిరిగి, చేయి చాచి పిడికిలి పట్టుము. ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మన కోనసీమలో ధ్రువనక్షత్రము నేలకు పదహారున్నర డిగ్రీల ఎత్తున, అనగా పిడికిలిన్నర పైన నుండును. కెమెరాను కదలక నిలిపి, గంటసేపు వరుసగా పటములు తీసి ఒకదానిమీద నొకటి చేర్చినయెడల, చుక్కలన్నియు ధ్రువుని చుట్టు గీతలు గీసినట్లగును. ఆ గీత వృత్తములో ఇరువదినాలుగవ వంతు. తిరిగినది చుక్కలు కావు, మనము కూర్చున్న గట్టే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నది.

ఈ పని మనవారికి క్రొత్త కాదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల పేరు వినియుందువు. ఆకాశమంతయు ఫోటో తీయవలెనని 1887లో పారిస్ నగరమున పలుదేశముల శాస్త్రజ్ఞులు కూడి తీర్మానించిరి. అందులో ఒక భాగము తరువాత హైదరాబాదువారికి వచ్చినది. వారు ఏండ్లతరబడి రాత్రులు మేలుకొని గాజుపలకలమీద పటములు తీసి, ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానములు కొలిచిరి. ఇదంతయు ఎందుకు? తరువాత వచ్చువారు తమ పటమును పాతదాని ప్రక్కనుంచి, ఏది కదలినదో తెలిసికొనుటకే. కొలిచినవారిలో అనేకులు ఆ ఫలము చూడలేదు.

నేనును అట్లే చేయ మొదలిడితిని. ప్రతి సంవత్సరము జనవరి నెలాఖరున, చంద్రుడు లేని రాత్రి, ఒకే రాతిమీద కెమెరా నుంచి, ఎదుటనున్న లంకను, దానిమీది ఆకాశమును కలిపి తీయుచున్నాను. చుక్కలు ఏటేట అదే గడియకు అదే చోటికి వచ్చుచున్నవి. గట్టు మాత్రము రాలేదు. మొదటి పటములో ఒక రైతు పాకకును నీటికిని నడుమ మూడు వరుసల కొబ్బరిచెట్లున్నవి. 2022 జూలై వరద తరువాతి పటములో ఒక వరుసయే మిగిలినది. ఇప్పుడు అదియు లేదు. చెట్లమీద ఆకాశముండిన చోట, ఆకాశము క్రింద నీరే యున్నది.

ఆ రైతు సంగతి విని నాయొద్దకు వచ్చి, "బాబూ, ఆ ఫోటోలు నాకు కడిగించి ఇయ్యండి. అర్జీకి జత చేస్తాను. నా తోట అక్కడ ఉండేదని నమ్మేవారు లేరు" అనెను. అన్నియు ఇచ్చితిని. మాసము తెలిసినయెడల, చుక్కలను బట్టి రాత్రి ఎంతయినదో తెలిసినవారు చెప్పగలరు. సంవత్సరము మాత్రము ఆ చుక్కలు చెప్పవు. ఆ తేదీలు నేను ప్రతి పటము వెనుక వ్రాసియుంచితిని గనుక అవి అతనికి పనికివచ్చినవి. అర్జీకి ఇంకను జవాబు రాలేదు. అతడు పటములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో దాచుకొనెను.

కాబట్టి, చదువరీ, ఈ పని నీవును చేయుమని అడుగుచున్నాను. నీ యూరి రేవో, చెరువుగట్టో, ప్రార్థన మందిరపు మెట్లో, ఒక చోటు ఏర్పరచుకొనుము. రొయ్యల చెరువుల దీపములు, వీధి దీపములు ఆకాశమును తెల్లబరచుచున్నవి. కనీసము నీ పెరటి దీపమైనను ఒక గంట ఆర్పుము. చెప్పులు తొడిగి, టార్చిలైటు పట్టుకొని పొమ్ము, గట్లమీద పురుగూపుట్రా యుండును. వరదకాలమున ఏటి అంచుకు పోవద్దు. పిల్లలను వెంట తీసికొనిపోయి పిల్లలకోడిని చూపుము. పటము తీసిన పిమ్మట దాని వెనుక తేదీయు, చోటును సిరాతో వ్రాయుము. మరుసటి యేట అక్కడికే మరల పొమ్ము.