చెరువు లెక్కలో "కనీసం", "మించదు"

కొలిచినవి తక్కువ, తెలియవలసినవి ఎక్కువ. ఏకఘాత విలోమ నమూనాల అవసరమంతా ఈ ఇబ్బందిలోనే ఉన్నది. ఫలితాన్ని చూసి దాని వెనుకనున్న రాశులను రాబట్టే గణితమది. దీనిని వివరించడానికి నాకు చెరువును మించిన ఉదాహరణ దొరకలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు చెరువుల సీమ. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన ధర్మకీర్తి సముద్రం. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉన్నది. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు ఈ సీమ సొత్తు.

అటువంటి చెరువునొకదానిని ఊహించుకుందాం. వానలు లేని నెలల్లో, పైనుండి రాక లేనప్పుడు, 100 పాళ్ల నీరు తగ్గింది. పోయే దారులు మూడు: ఆవిరి, ఊట, తూము. మూడింటి మొత్తం 100. ఇది సమీకరణము, నీరు మాయం కాదు కనుక దీనికి సడలింపు లేదు. కానీ సమీకరణము ఒకటి, అవ్యక్తరాశులు మూడు. పరిష్కారాలు అనంతం.

ఇక్కడ మన తెలుగు గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు (1920–2023) గుర్తుకు వస్తారు. మాత్రికల సాధారణీకృత విలోమాలపై సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో ఆయన వెలువరించిన గ్రంథం ప్రసిద్ధం. ఆ విలోమాలలో ఒకటి, అనంతమైన పరిష్కారాలలో వర్గాల మొత్తం కనిష్ఠమైనదానిని ఎంచి ఇస్తుంది. మన చెరువుకు అది చెప్పే జవాబు: తలా 33.3. గణితంలో దోషం లేదు. అయితే దానికి మనం చెరువు గురించి చెప్పినది చాలలేదు.

ఆ మిగిలినది చెప్పేవి అసమీకరణాలు. బాష్పీభవన పాత్ర కొలతను బట్టి ఆవిరి 20కి తగ్గదు, 30 మించదు. తూము పరిమాణాన్ని బట్టి 60 మించి నీరు పోదు. నీరటి తూము తెరచిన రోజులను బట్టి 45కు తగ్గదు. అప్పుడు తలా 33.3 అన్న జవాబు చెల్లదు. ఊట 10కీ 35కీ నడుమ ఉండి తీరాలి.

నమూనా కూర్పులో నేను పాటించే వరుస ఇదే. తప్పనిసరి నియమాలను సమీకరణాలుగా, హద్దులను అసమీకరణాలుగా రాయాలి. అటూ ఇటూ కాగల కొలతలను కనిష్ఠ వర్గాల పద్ధతికి వదలాలి. ఊగిసలాడే కొలతను సమీకరణంగా బిగిస్తే పరిష్కారమే లేకుండా పోవచ్చు.

ఈ లెక్కలో నన్ను ఆపేది ఊట. కాగితంపై దానికి "నష్టం" అని పేరు. కట్ట దిగువన ఆ ఊట తప్ప వేరే ఆధారం లేని బావులున్నాయనుకోండి. వాటినుండి రైతులు తోడేది కనీసం 18 పాళ్లైతే, ఊట 18కి తగ్గదు. ఆ ఒక్క మాటతో హద్దులు 18, 35గా బిగుస్తాయి. పైగా ఆ 18 నష్టం కాదు, ఆయకట్టులో లేని పొలాల బ్రతుకు. 35 పాళ్లూ వృథా అని తేల్చి ఊటను అరికడితే, ఎండేది ఆ బావులే.

అందుకే ఒకే అంకెకంటె రెండు హద్దులు చెప్పడమే నిజాయితీ అనిపిస్తుంది నాకు. పెద్దలు "కనీసం", "మించదు" అన్నప్పుడల్లా వారు మనకొక అసమీకరణాన్ని ఇస్తున్నట్లే. మీ ఊరి చెరువుకు ఇంకే హద్దులు చేరుతాయో, తెలిసిన మిత్రులు చెప్పగలరు.