కంప్యూటర్లో తోడికోడళ్లు

ఒక వంటింట్లో ఇద్దరు మంచివాళ్లున్నంత మాత్రాన వంట బాగా కుదురుతుందన్న భరోసా లేదు. ఒకామె చారులో ఉప్పు వేసి పక్కకు పోతుంది. వెయ్యలేదేమోనని రెండో ఆమె మళ్లీ వేస్తుంది. ఇద్దరిదీ శ్రద్ధే, కష్టమల్లా తినేవాళ్లకే! కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ల మధ్య వచ్చే తగాదాలు కూడా అచ్చం ఇలాంటివే సుమండీ. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ బంగారం. రెండూ ఒకే పెట్టెలో కాపురం పెట్టాయా, ఇక చూసుకోండి! రెండు యాంటీవైరస్‌లు పెట్టుకున్నవాళ్ల సంగతి మీరూ వినే ఉంటారు. ఇంటికి కాపలా అని ఇద్దర్ని పెట్టుకుంటే, వీడు వాణ్ణి దొంగంటాడు, వాడు వీడి సంచీ సోదా చేస్తాడు. ఈలోగా ఇంటివాళ్లకు తలుపు తీసే దిక్కుండదు.

మా ప్రొద్దుటూరి ఇంట్లో తగాదా మాత్రం కాపలావాళ్లది కాదు, తెలుగు అక్షరాలది.

మా అమ్మకు పెళ్లిపాటలు చాలా వచ్చు. నలుగుపాట, తలంబ్రాల పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, వియ్యపురాలిని వేళాకోళం చేసే పాటలు సరేసరి. 2004లో మా చెల్లెలి పెళ్లికి వాటిలో నలభై పాటల్ని ఇక్కడే ఒక డి.టి.పి. దుకాణంలో టైపు చేయించి చిన్న పుస్తకం వేయించాం. వచ్చినవాళ్లందరికీ పంచాం. అవి ఎవరి ఇంట్లో ఏ అటక ఎక్కాయో తెలియదు. అమ్మ చేత్తో రాసుకున్న నోటుపుస్తకానికి చెదలు పట్టింది. తర్వాత అమ్మా వెళ్లిపోయింది. చివరికి మిగిలింది దుకాణంవాళ్లిచ్చిన సీడీ ఒక్కటే.

ఇప్పుడు పులివెందులలో మా అన్న కూతురికి పెళ్లి కుదిరింది. అక్కడే ఇంజనీరింగు చదువుకున్న పిల్ల. "అత్తా, జేజి పాటలు లేకుండా పెండ్లిపీటల మీద కూర్చోమంటే నేను కూర్చోను. ఆ పుస్తకం మళ్లీ అచ్చు వేయించాల్సిందే" అంది ఫోన్లో.

సీడీలోని ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని కంప్యూటర్లో తెరిస్తే, తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఏవో పరదేశపు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. అప్పగింతల పాట చూసి కళ్లనీళ్లు పెట్టుకుందామన్నా అందులో ఒక్క అచ్చు లేదు, ఒక్క హల్లు లేదు.

సంగతేమిటంటే, అప్పట్లో అచ్చు పనుల దుకాణాల్లో వాడిన ఫాంట్లు చాలావరకు తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషువి. ఇంగ్లీషు అక్షరం కూర్చోవలసిన పీట మీద ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఇంకోచోట ఒత్తు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులాగే కనబడుతుంది. అది లేకపోతే వేషం ఊడిపోతుంది. యూనికోడ్ పద్ధతి అలా కాదు. 1991లో వచ్చిన మొదటి ప్రమాణంలోనే తెలుగుకు సొంత స్థానాలిచ్చారు. 'అ' అంటే 3077, 'క' అంటే 3093. ఏ దేశం కంప్యూటర్లోనైనా అంతే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయినా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లకు ఈ కొత్త పద్ధతిలో ఒత్తులు సరిగ్గా పేర్చడం చేతకాక, అచ్చు దుకాణాలు చాలాకాలం పాత దారిలోనే నడిచాయి.

మాకు దగ్గర్లోనే ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల అనే ఊరుంది. తెలుగులో దొరికిన తొలి శాసనం ఆ ఊరిదే. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, క్రీ.శ. 575 ప్రాంతంది. ఆ రాతి మీది మాటల్ని పద్నాలుగు వందల ఏళ్లు దాటాక కూడా చదవగలిగారు. మా సీడీ మీది మాటలు ఇరవై ఏళ్లకే గుటుక్కుమన్నాయి!

సరే, ఆ పాత సాఫ్ట్‌వేరు సంపాదించి పెట్టాం. పాటలు కనబడ్డాయి. కానీ ఆ క్షణం నుంచే ఇంట్లో అశాంతి మొదలైంది. మా అబ్బాయి వాడుకునే కొత్త తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరు అప్పటికే అందులో ఉంది. 'క' కొడితే డబ్బా పడుతుంది. బ్యాంకు పేజీలో ఇంగ్లీషులో పేరు కొడితే తెలుగు గుణింతాలు వస్తాయి. కాసేపటికి కంప్యూటరు బిగుసుకుపోతుంది.

పులివెందుల పిల్ల ఫోన్లోనే నాడి పట్టింది. "కొత్తగా ఏం పెట్టినారత్తా? ఎప్పుడూ ఆగుతాందా, ఒక్కోసారి ఆగుతాందా? మిగతావన్నీ తీసేస్తే కూడా ఆగుతాందా?" ఈ మూడు ప్రశ్నలూ పాతకాలపు ఆచారిగారు అడిగేవే. నిన్నేం తిన్నావు, నొప్పి ఎప్పుడొస్తుంది, లంకణం చేస్తే తగ్గిందా అని!

ముందు పాటల ఫైలుకు రెండు నకళ్లు తీసి వేరేచోట దాచమంది. తర్వాత సేఫ్ మోడ్‌లో తెరవమంది. అంటే కంప్యూటరుకు లంకణమన్న మాట. అత్యవసరమైనవి తప్ప ఇంకేవీ లేవవు. జబ్బు మాయం! అంటే రోగం యంత్రానిది కాదు, చుట్టూ చేరినవాళ్లలో ఎవరిదో. కంప్యూటరు లేవగానే తామూ లేచి కూర్చునే సాఫ్ట్‌వేర్లు పదహారు తేలాయి. ఒక్కొక్కటే తీసి చూస్తే పొద్దుగూకుతుంది. సగం ఆపి చూడమంది. తగాదా ఆగితే ఆపినవాటిలో, ఆగకపోతే మిగిలినవాటిలో ఉన్నట్టు. పదహారు ఎనిమిదై, ఎనిమిది నాలుగై, నాలుగు రెండై, నాలుగోసారికల్లా పాత సాఫ్ట్‌వేరు దొరికిపోయింది. దాన్ని ఉంచి, తక్కినవాటికీ అదే పరీక్ష పెడితే మా అబ్బాయిది బయటపడింది. మనం మీట నొక్కగానే అది తెరమీదకు చేరేలోపు దారిలో పట్టుకొని తెలుగు చేయడమే ఇద్దరి పనీ. ఒకే మీట మీద ఇద్దరి చేతులు!

"ఏదో ఒకటి తీసేద్దామా?" అన్నాను.

"వద్దత్తా, వేరు కాపురం పెట్టిద్దాం" అంది. అదే కంప్యూటర్లో ఇంకో ఖాతా తెరిచి, పాతదాన్ని అందులో మాత్రమే లేచేట్టు చేసింది. ఆమె రావాలంటే ఈమె బయటికి పోవాలి. ముఖాముఖీ పడరు. అప్పటినుంచి ఇల్లు చల్లగా ఉంది.

ఇలాంటివి మా ఇంటి కంప్యూటరుకే వచ్చాయనుకోకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక తీరున కూర్చి పంపితే చాలు, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆ నెల 19న యాపిల్ కంపెనీ కొత్త సవరణ విడుదల చేసేదాకా ఇదే వరస. జ్ఞానంలో మొదటి అక్షరానికే అంత ఖరీదైన ఫోను సొమ్మసిల్లిందంటే, మన ఒత్తులు సామాన్యమైనవి కావు!

ఇక పాటల్ని పాత అక్షరాల్లోంచి యూనికోడ్‌లోకి మార్చే పని. దానికీ సాఫ్ట్‌వేర్లున్నాయి. నిమిషంలో నలభై పాటలూ మారాయి గాని క్రారవడులు చెదిరిపోయాయి. పాత ఫాంటులో క్రారవడిని అక్షరానికి ముందే పెడతారు, యూనికోడ్‌లో తర్వాత రావాలి. దాంతో 'చంద్రుడు'లోని క్రారవడి గాలిలో వేలాడుతోంది. కాగితాలు అచ్చు తీసుకొని జమ్మలమడుగు బస్సెక్కాను. అమ్మతో కలిసి పాడినవాళ్లలో మిగిలింది అక్కడున్న మా చిన్నమ్మ ఒక్కతే.

చిన్నమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "చదవద్దమ్మీ, నువ్వు మొదలుపెట్టు, నేను పాడతా" అంది. తలంబ్రాల పాటలో చంద్రుడి దగ్గరికొచ్చేసరికి ఆగింది. "చంద్రుడు కాదమ్మీ, చందురుడు. ఆడ సాగదీయాల. మీ అమ్మ అట్లనే పాడేది."

నేను కలం పట్టుకొని అలాగే ఉండిపోయాను. 2004లో దుకాణంలో ఎవరో వ్యాకరణం తెలిసినవాళ్లు దిద్దేశారు కాబోలు. సీడీ బాగుండి, ఫాంటు బాగుండి, సాఫ్ట్‌వేర్లు తోబుట్టువుల్లా మెలిగినా ఆ చందురుడు నాకు దొరికేవాడు కాదు. కడపలో సి.పి. బ్రౌన్ దొర తాళపత్రాలు సేకరించి, పండితుల్ని కూర్చోబెట్టి ఒక ప్రతితో ఇంకో ప్రతిని పోల్చి చూపించాడని చదువుకున్నాం. మా అమ్మ పాటకు పోల్చి చూసుకోవడానికి మిగిలిన ప్రతి చిన్నమ్మ గొంతు ఒక్కటే. ఆ సాయంత్రం దాకా కూర్చొని ఇరవై మూడుచోట్ల దిద్దుకున్నాను.

పుస్తకం అచ్చుకు వెళ్లింది. నలభై పాటలూ 3077లుగా, 3093లుగా మారి నాలుగిళ్లలో భద్రంగా ఉన్నాయి. "మళ్లీ ఇరవై ఏండ్లకు ఆ పెట్టె మాట మార్చదు గదా?" అని చిన్నమ్మ అనుమానం. ఆ మాట ఎవరు చెప్పగలరు? అందుకని వారానికొకసారి జమ్మలమడుగు వెళ్లి పాటలు నోటికి నేర్చుకుంటున్నాను. ఇప్పటికి ఆరు వచ్చాయి. పులివెందుల పిల్లకు ఫోన్లోనే రెండు నేర్పాను. మా కంప్యూటర్లోని తోడికోడళ్లకు వాటితో ఏ పేచీ లేదు.