నాయినతో నడిచిన దూరం

ఈ సంగతి వ్రాయాలా వద్దా అని మేమిద్దరం చాల దినాలు ఆలోచించాము. వ్రాస్తే మా తప్పు నలుగురికీ తెలుస్తుంది. వ్రాయకపోతే అదే తప్పు ఇంకొక ఇంట్లో, ఇంతే ప్రేమతో, జరుగుతుంది. అందుకని వ్రాస్తున్నాము.

మాలో ఒకరికి ఆయన కన్నతండ్రి, మరొకరికి మామగారు. ఇంట్లో మాత్రం ఇద్దరమూ నాయినా అనే పిలిచేవారము. మా ఊరు కల్వకుర్తి దగ్గర. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లా. నాయిన పడుచుతనంలో నాగార్జునసాగర్ ఆనకట్ట మీద రాయి మోశాడు. 1955లో పునాది వేసింది మొదలు 1967లో కాలువలకు నీళ్ళు వదిలే వరకు ఆ కట్ట లేచింది ఇటువంటి వాళ్ళ తలల మీదనే గదా. అటువంటి మనిషి 2010 వానకాలంలో ఒకనాడు చేనుకు పోతూ సగం దారిలో నిలబడిపోయాడు. "పిక్కలు పట్టేసినయి బిడ్డా, నడువనీకి చాతనైతలేదు" అన్నాడు. కాసేపు నిలబడితే నొప్పి పోయింది, మళ్ళీ నడిచాడు, మళ్ళీ అంతే దూరంలో పట్టేసింది.

దీనికి మాకు జవాబు సిద్ధంగా ఉండినది. మాలో ఒకరి పుట్టినిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఆ మండలంలో పుట్టినవారికి ఫ్లోరైడు నీళ్ళ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పళ్ళు గారపట్టడం, నడుము వంగిపోవడం, కీళ్ళు బిగిసి మంచం మీదనుండి లేవలేకపోవడం, ఇవన్నీ మేనత్తలలో, పెదనాన్నలలో చూస్తూ పెరుగుతాము. కనుక కాళ్ళ నొప్పి అనగానే "ఇది నీళ్ళ రోగమే" అని తీర్మానించేశాము. ఊళ్ళో ఉన్న ఆర్.ఎం.పి. కూడా అదే అని నొప్పి సూదులు వేశాడు. కీళ్ళ నొప్పి కూర్చున్నా, పడుకున్నా, తెల్లవారి లేచినా ఉంటుంది; నాయిన నొప్పి నడిస్తేనే వచ్చేది, నిలబడితే పోయేది. ఈ తేడా మా కళ్ళ ముందే ఉంది, మేము చూడలేదు.

అప్పటినుండి నాయినను నడవనీయడం మానేశాము. చేను పని వద్దన్నాము. చర్చికి బండి మీద తీసుకొనిపోయి బండి మీద తెచ్చేవారము. గుమ్మం ముందు నులక మంచం వేసి, "నీకేం కావాలన్నా మేము తెస్తాం, నువ్వు కూసో నాయినా" అన్నాము. ఊరంతా మమ్మల్ని మెచ్చుకొన్నది. నాయిన కూర్చున్నాడు. కూర్చున్న మనిషికి పని ఏమున్నది? బీడీ కట్ట రోజుకు ఒకటయ్యేది రెండయింది.

రెండేళ్ళు అలా గడిచాయి. 2012 చలికాలం వచ్చేసరికి ఎడమ పాదం చల్లగా, మొద్దుబారి ఉండేది. రాత్రుళ్ళు నొప్పి. పడుకొని, గంటకల్లా లేచి, ఎడమకాలు మంచం మీదనుండి కిందికి వేలాడదీసి కూర్చునేవాడు. అలా వేలాడదీస్తే కొంచెం నెమ్మది. మేమేమి చేశాము? కాలు కిందికి వేస్తే వాపు దిగుతుందని మళ్ళీ పైకెత్తి, రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టేవారము. కిందికి దిగితేనే ఆ పాదానికి నాలుగు చుక్కల రక్తం అందుతున్నది. మేము ఎత్తి ఆ నాలుగు చుక్కలు కూడ ఆపాము. ఉబ్బిన సిరల జబ్బులో కాలు ఎత్తి పెట్టడం మంచిదే. ఆ జబ్బులో గుండెకు తిరిగిపోయే రక్తం కాలిలో నిలిచిపోతుంది. నాయిన జబ్బులో గుండె నుండి దిగే రక్తమే కాలికి చేరడం లేదు. రెండూ రక్తనాళాల జబ్బులే గాని, ఒకదానికి చేసే సేవ రెండవదానికి హాని. కాలికి బిగుతుగా పట్టీ చుట్టడం కూడ అంతే.

ఇక అసలు తప్పు. పాదం చల్లగా ఉన్నదని ఒక రాత్రి ఇటుకను పొయ్యిలో వేడిచేసి, గుడ్డ చుట్టి, కాపడం పెట్టాము. "కాలుతున్నదా నాయినా?" అని అడిగాము. "లేదు, మంచిగుంది" అన్నాడు. తెల్లవారి చూస్తే అరికాలిలో అరచేయంత బొబ్బ. ఆయనకు స్పర్శ లేదు, మాకు ఆ సంగతి తెలియదు. షుగరు ఉన్నదని కూడ అప్పటికి తెలియదు. రక్తం అందని కాలికి పుండు పడితే మానదు. మూడు వారాలలో బొటనవేలి పక్క వేలు నల్లబడింది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయాము. ఖర్చుకు ఆరోగ్యశ్రీ కార్డు ఆదుకొన్నది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొట్టమొదట ప్రారంభించిన మూడు జిల్లాలలో మాది ఒకటి. అక్కడి డాక్టరుగారు మొదట చేసిన పరీక్షకు ఏ పెద్ద యంత్రమూ పెట్టలేదు. చేతికి రక్తపోటు చూసినట్టే చీలమండ దగ్గర కూడ చూశారు, చిన్న శబ్ద యంత్రం సాయంతో. చీలమండ లెక్కను చేతి లెక్కతో భాగిస్తే ఆరోగ్యవంతునికి ఒకటి గాని, ఒకటికి కొంచెం పైన గాని రావాలి. 0.9 కంటె తగ్గితే కాలి ధమనులు మూసుకొనిపోతున్నట్టు. నాయిన కుడికాలికి 0.68, ఎడమకాలికి 0.35 వచ్చింది. "రెండేళ్ళ కింద తెచ్చి ఉంటే నడిపించి, బీడీ మాన్పించి, మాత్రలిచ్చి పంపేవాడిని" అన్నారు డాక్టరుగారు. గట్టిగా అనలేదు. గట్టిగా అంటేనే బాగుండేదని మాకు తోచింది.

నాయిన తొడలోని సిరనే తీసి, మూసుకొన్న ధమనిని దాటించి అతికారు. నల్లబడిన వేలు తీసేశారు. కాలు దక్కింది. మా పక్క మంచం మీద ముప్పయి అయిదేళ్ళు కూడ నిండని ఒక తమ్ముడు ఉండేవాడు. అతనికి షుగరు లేదు, కొవ్వు లేదు, పొగాకు మాత్రమే. 1908లో న్యూయార్కులో లియో బర్గర్ అనే డాక్టరు వివరించిన జబ్బు అది. పొగ త్రాగే పడుచువాళ్ళ కాళ్ళ, చేతుల నాళాలు మూసుకొనిపోతాయి. పొగాకు పూర్తిగా మానడమే దానికి అసలు మందు. అతని భార్య రోజూ అతని తలగడ కింద వెదికేది. మేము నాయిన తలగడ కింద వెదికాము. మాకూ దొరికాయి.

ఇంటికి వచ్చిన తరువాత మాకు దిక్కయినది మా సంఘములోని ఒక పెద్దమ్మ. రిటైరయిన నర్సు, అందరూ సిస్టరమ్మ అంటారు. కుష్టు రోగుల పాదాల సేవ నేర్చిన మనిషి. 1946లో వేలూరు వచ్చిన పాల్ బ్రాండ్ దొరగారు కనిపెట్టిన సంగతి ఆమె మాకు చెప్పింది. కుష్టువారి కాళ్ళు వాటంతటవే కుళ్ళిపోవట, నొప్పి తెలియక మనిషే వాటిని గాయపరచుకొంటాడట. నాయినది వేరే జబ్బయినా పాదం సంగతి అదే. "నొప్పి ఆయనకు తెల్వదు గనుక మీరే ఆయనకు నొప్పి కావాలె" అన్నది.

ఆమె నేర్పిన పని ఇది. సాయంకాలం కుటుంబ ప్రార్థనకు ముందు గోరువెచ్చని నీళ్ళు. వేడి చూడవలసింది రోగి పాదంతో కాదు, మన మోచేతితో. నానబెట్టకూడదు, కడిగి తీయాలి. మెత్తని బట్టతో వేళ్ళ సందులు ఒత్తి తుడవాలి, రుద్దకూడదు. కొబ్బరినూనె పాదమంతా రాయవచ్చు గాని వేళ్ళ మధ్యన రాయకూడదు, తేమ నిలిచి ఒరిసిపోతుంది. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. ఆనెకాయను బ్లేడుతో గాని, అంగట్లో దొరికే పట్టీలతో గాని ముట్టుకోరాదు. అన్నిటికంటె ముఖ్యం, దీపం వెలుగున అరికాలు చూడాలి. మా పాలమూరు తుమ్మముల్లు చెప్పు అట్టను దూసుకొని వస్తుంది. వచ్చినట్టు నాయినకు తెలియదు. ఏడాదిలో రెండుసార్లు మేమే చూసి తీశాము.

మొదట నాయిన కాలు ఇవ్వలేదు. పుండు వాసన వస్తుందని సిగ్గు. కోడలి ముందు మరీ సిగ్గు. కొడుకు చేస్తాడా అంటే, కొడుకు పుట్టి బుద్ధెరిగిన తరువాత తండ్రి పాదం పట్టుకొన్నది లేదు. సిస్టరమ్మకు కోపం వచ్చింది. "ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఏటేటా వింటిరి గదా, ఇంట్ల ఎన్నడన్న ఒకరివొకరు కడిగిండ్రా?" అన్నది. మేము బదులు చెప్పలేకపోయాము.

పుండు పూర్తిగా మానడానికి నాలుగు నెలలు పట్టింది. అంతవరకు నడక లేదు. మానిన తరువాత డాక్టరుగారు కాగితం మీద వ్రాసి ఇచ్చిన మొదటి మందు నడక. కుడికాలు ఇంకా 0.68 దగ్గరనే ఉన్నది. దానికి కోత లేకుండా మేలు చేసేది ఇదే అన్నారు. పద్ధతి చెప్పారు. పిక్కలో నొప్పి మొదలయి, ఓర్చుకోగలిగినంత గట్టిపడే వరకు నడవాలి. అప్పుడు ఆగాలి. నొప్పి పూర్తిగా పోవాలి. మళ్ళీ నడవాలి. ఆగిన సమయం కూడ కలుపుకొని మొదట అరగంట, పోను పోను ముప్పావు గంట. వారానికి మూడు దినాలు తగ్గకూడదు, మూడు నెలలకు ముందు ఫలితం అడగకూడదు. ఇలా చేస్తే కండరము దొరికిన కొద్ది రక్తాన్నే పొదుపుగా వాడుకోవడం నేర్చుకొంటుందట, చిన్న చిన్న పక్కదారి నాళాలకు కూడ పని పెరుగుతుందట. చాలమందికి నొప్పి లేకుండా నడిచే దూరం రెట్టింపు అవుతుందని చెప్పారు.

వినడానికి సులువే. నొప్పి వచ్చిందని ముఖం ముడుచుకొన్న తండ్రిని "ఇంకో నాలుగడుగులు నాయినా" అనడం ఎంత కష్టమో అన్న నోటికే తెలుస్తుంది. మంచం వేసినప్పుడు మెచ్చుకొన్న ఊరే ఇప్పుడు "ముసలోన్ని సావగొడుతున్నరు" అన్నది. మా వాకిలి నుండి చర్చి వరకు తొమ్మిది కరెంటు స్తంభాలు. స్తంభానికి స్తంభానికి మధ్య నాయిన అంగలు అరవై చిల్లర. మొదటి వారం రెండవ స్తంభం దగ్గర ఆగాడు. రెండవ వారం కూడ రెండే. మూడవ వారం "నేను రాను పో" అన్నాడు. ఆ రోజు మాలో ఒకరు ఆయనతో పోట్లాడి, ఒకరు ఊరకే చెప్పులు తెచ్చి ముందర పెట్టి, ఎట్లాగో లేపాము. క్యాలెండరులో స్తంభాల లెక్క వ్రాసేవారము. పన్నెండు వారాల చివర అయిదు. నాయినకు ఆ అంకె చూపితే, "సాగర్ మీద అయితే దీనికి కూలి ఇయ్యరు" అన్నాడు. అది మేము రెండున్నర ఏళ్ళలో విన్న మొదటి హాస్యం.

చెప్పుల సంగతి ఒకటి మిగిలింది. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు అట్ట, వెనుక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చాము; తొడిగేముందు ప్రతిసారి దులిపి చేయి పెట్టి చూడాలి. కాని చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే అలవాటు మనందరిదీ. ఆ వాకిట్లో పరచినవి షాబాదు బండలు. ఏప్రిల్ మాసంలో ఆరాధన ముగిసే వేళకు వాటి మీద వట్టి కాలు పెట్టడం మంచి పాదానికే కష్టం. నాయిన మాత్రం దేవుని మందిరంలోకి చెప్పులతో రానని మొండికేశాడు. మేము పాస్టరుగారితో చెప్పాము. ఆయన వాదించలేదు. మరుసటి ఆదివారం తలుపు లోపల చిన్న పీట, దాని మీద ఒక జత కొత్త మెత్తటి చెప్పులు పెట్టించారు. "ఇవి బజారు తొక్కినవి కావు తాతా, మందిరానివే" అన్నారు. నాయిన తొడుక్కున్నాడు. ఇప్పుడు ఆ పీట మీద నాలుగు జతలు ఉన్నాయి. షుగరు ఉన్న తల్లులు వాడుకొంటున్నారు.

బీడీ విషయంలో మేము గెలిచామని వ్రాయలేము. మూడుసార్లు మానాడు, రెండుసార్లు మొదలుపెట్టాడు. మూడవసారి మానింది నిలిచింది. అప్పటికి పక్క మంచం తమ్మునికి మోకాలి కింద కాలు తీసేశారని తెలిసింది. మేము చెప్పిన ఏ మాటా చేయని పని ఆ వార్త చేసింది.

ఒక జాగ్రత్త. పాదం మీద పుండు ఉన్నవారు, పడుకొన్నా నొప్పి పోనివారు ఇది చదివి రేపే నడక మొదలుపెట్టవద్దు, ముందు డాక్టరుకు చూపించుకోవాలి. బాగున్న కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, భరించలేని నొప్పి వస్తే తెల్లవారనిద్దామని ఆగకూడదు. ఆ కాలికి ఉన్న వ్యవధి కొన్ని గంటలే, ఆరు గంటలు దాటితే దక్కడం కష్టం. కల్వకుర్తి నుండి హైదరాబాదుకు దారిలోనే రెండు గంటలు పోతాయి.

నాయిన 2019లో గుండెపోటుతో ప్రభువునందు నిద్రించాడు. కాళ్ళలో మూసుకొన్న నాళాలు గుండెలోనూ మూసుకొంటాయని డాక్టరుగారు ముందే చెప్పి, రక్తం గడ్డకట్టకుండా, కొవ్వు తగ్గడానికి మాత్రలిచ్చారు. ఆ మాత్రలతో ఏడేళ్ళు వచ్చాయి. రెండు కాళ్ళతోనే పోయాడు, ఒక వేలు తక్కువగా. ఆగకుండా చర్చి వరకు ఎన్నడూ నడవలేదు. ఆయన ఎక్కువగా నడిచింది ఎనిమిది స్తంభాలు. ఎనిమిదవ దాని దగ్గర ఆగి, స్తంభానికి చేయి ఆనించి నిలబడేవాడు. లోపల మొదటి కీర్తన మొదలయ్యేది. మాలో ఒకరం ఆయన పక్కన నిలబడేవారము.