కుంకుమ ఎరుపా, సిందూరం ఎరుపా?

కుంకుమ రంగేంటని అడిగితే ఎరుపంటాం. సిందూరం రంగేంటని అడిగినా చాలామంది ఎరుపనే అంటారు. కానీ నుదుటి మీద ఆంజనేయస్వామి సిందూరం కనిపిస్తే ‘అమ్మవారి గుడికెళ్లొచ్చావా?’ అని మా పల్నాడులో ఎవరూ అడగరు. నోరు ఒకే పేరు చెప్పినా, కన్ను రెండుగానే చూస్తుంది. సిందూరంలో పసుపు ఛాయ కాస్త ఎక్కువ, కుంకుమలో తక్కువ. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పెరిగినవాళ్లకైతే అసలు చెప్పక్కర్లేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. యాప్‌లలో ఈ రెండు రంగులూ రోజూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏదైనా తేడా జరిగితే ఎరుపు, ‘కాస్త చూసుకో’ అని చెప్పాలంటే నారింజ. ఆ రెండిటి మధ్య ఉన్న దూరం విలువ ఎంతో నాకు తెలిసింది మాత్రం మిరప కల్లంలో.

కల్లంలో ఎన్ని ఎరుపులో!

మా మావయ్యది గురజాల వైపు. సాగర్ కుడి కాలువ నీళ్లతో మిరప వేస్తారు. కాయ ఎండబోసిన రోజుల్లో దూరం నుంచి చూస్తే కల్లమంతా ఒకటే ఎరుపు. దగ్గరికెళ్లి కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి. కూలీకొచ్చిన ఆడవాళ్లు తెల్లబడ్డ కాయ, పచ్చబారిన కాయ, మచ్చపడ్డ కాయ ఏరి పక్కకేస్తుంటారు. అవి తాలు కాయలు. మంచి కాయతో పోలిస్తే వాటి ధర చాలా తక్కువ. తాలు తీసేశాక మిగిలిందాంట్లో కూడా బేరం రంగు మీదే. ముదురు ఎరుపుకి ఒక మాట, నారింజ వైపు మొగ్గిన కాయకి ఇంకో మాట. ఏడాది కష్టం ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ తేడా కాయ లోపలే ఉంది. పండుమిరపకి ఎరుపునిచ్చేవి క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనే పదార్థాలు. వాటితోపాటే పసుపు, నారింజ ఛాయలిచ్చే జియాజాంథిన్, బీటా కెరోటిన్ కూడా ఉంటాయి. ఏది ఎంత పాళ్లలో ఉందన్నదాన్ని బట్టి కాయ కుంకుమ వైపో, సిందూరం వైపో వెళ్తుంది. కారానిచ్చే క్యాప్సైసిన్‌కి అసలు రంగే లేదు. అందుకే ‘ఎర్రగా ఉంటే కారం ఎక్కువ’ అనే లెక్క ప్రతిసారీ నిలబడదు. తేజ కారానికి పేరు పడింది, కర్ణాటక నుంచి వచ్చిన బ్యాడిగ రంగుకి పేరు పడింది. వెలుతురు, వేడి తగిలేకొద్దీ కాయ రంగు వెలిసిపోతుంది. గుంటూరు చుట్టుపక్కల అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉండటానికి ఇదీ ఒక కారణం.

రంగుకి నంబరు కూడా ఉంది. అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ పద్ధతిలో కొలుస్తారు కాబట్టి దాన్ని ఆస్టా విలువ అంటారు. కారప్పొడిలోని రంగుని అసిటోన్‌లోకి దింపి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. తమాషా ఏంటంటే, ఆ దగ్గర ఎరుపు పదార్థాలూ పీలుస్తాయి, పసుపువీ పీలుస్తాయి. కాబట్టి నంబరు ఒకటే వచ్చిన రెండు పొడులు పళ్లెంలో పక్కపక్కన పోస్తే వేరుగా కనిపించొచ్చు. రంగు ఎంత దిగిందో ఆ నంబరు చెబుతుంది, అది ఏ ఛాయో చెప్పడానికి అదొక్కటే చాలదు.

ఫొటోలో మారిన కాయ

ఇప్పుడు కాయ యార్డుకి వెళ్లకముందే ఫొటో వెళ్తోంది. ఒకసారి మా బావ వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి ఒక వ్యాపారి, ‘కాయ నారింజ కొడుతోంది, ఆ రేటు రాదు’ అన్నాడు. అదే కాయ నాలుగు గుప్పిళ్లు తీసుకెళ్లి చేతిలో పోస్తే మళ్లీ ఆ మాట అనలేదు.

ఇందులో మోసమేమీ లేదు. ఫోన్ కెమెరా తెలుపు ఏదో తనే ఊహించుకుని, మిగతా రంగుల్ని దానికి తగ్గట్టు సర్దుతుంది. ఫ్రేమ్ నిండా ఎరుపే ఉన్నా, కింద నీలం పట్టా ఉన్నా, సాయంత్రపు ఎండ పడుతున్నా ఆ ఊహ గురి తప్పొచ్చు. పైగా చూసేవాళ్ల ఫోన్లో కళ్లకి హాయిగా ఉంటుందని పెట్టుకున్న నైట్ మోడ్ ఉండొచ్చు. అది నీలంతోపాటు కొంత ఆకుపచ్చనీ తగ్గిస్తుంది. తెర మీద నారింజ అంటేనే ఎరుపులో కొంత ఆకుపచ్చ కలపడం. ఆ ఆకుపచ్చ తగ్గితే నారింజ కూడా ఎరుపు వైపు జరుగుతుంది.

బావకి ఒకటే చెప్పా. ‘బావా, పట్టపగలు, నీడలో తియ్యి. కాయ పక్కన తెల్ల కాగితం పెట్టు.’ కాగితం తెల్లగా కనిపిస్తే కాయ రంగుని చాలావరకు నమ్మొచ్చు. కాగితమే పచ్చగా కనిపిస్తే ఫొటో మళ్లీ తీయాలి.

మావయ్య అడిగిన ప్రశ్న

ఆ తర్వాత ఇంట్లోవాళ్ల కోసం చిన్న యాప్ మొదలుపెట్టా. ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలున్నాయి, వేటికి అద్దె గడువు దగ్గరపడింది, ఏవి అమ్మకానికి సిద్ధం... ఇంతే అందులో ఉండేది. కోడ్ రాయకముందే రెండు నమూనాలు గీసి మావయ్యకి చూపించా. మొదటిదాంట్లో అందరూ వాడే పద్ధతే, గడువుకి ఎరుపు. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, ‘ఎర్రగా ఉంటే మంచి కాయే గదా అల్లుడూ, దీనికి గాబరా దేనికి?’ అన్నారు.

నాకు ఎరుపంటే ప్రమాదం. ఆయనకి ఎరుపంటే నిండుగా పండి, చక్కగా ఎండి, రేటు పలికే కాయ. యాప్ వాడేది ఆయన. అందుకే రెండో నమూనానే ఖాయం చేశాం. అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకుకి మిరప ఎరుపు, గడువు దగ్గరపడ్డ సరుకుకి సిందూరం రంగు.

ఇక ఈ రెండూ కలిసిపోకుండా చూడాలి. ఎరుపుకి 198, 40, 40 ఎంచుకున్నా. నారింజకి 255, 140, 0. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ, వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5 ఉండాలి. ఈ ఎరుపు మీద తెల్ల అక్షరం పెడితే 5.6 వస్తుంది. నారింజ మీద తెలుపు పెడితే 2.3 మాత్రమే, నలుపు పెడితే 9. అంటే ఎరుపు మీద తెల్లక్షరం, నారింజ మీద నల్లక్షరం. ఎండలో నిలబడి చూసినా రెండూ వేరని ఇట్టే తెలిసిపోతుంది. వీటికి మధ్యలో 230, 81, 0 లాంటి అందమైన రంగు ఒకటి ఉంది. కుంకుమా కాదు, సిందూరమూ కాదు. పోస్టర్‌కి బాగుంటుందేమో గానీ మా యాప్‌లో దానికి చోటివ్వలేదు.

రంగు ఒక్కదాన్నే నమ్ముకోలేదు కూడా. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. మన దగ్గరా అలాంటివాళ్లున్నారు, కొందరికి తమకా ఇబ్బంది ఉందనే తెలియదు. అందుకే ఎరుపు మీద ‘సిద్ధం’ అని, నారింజ మీద గడియారం బొమ్మతో ‘గడువు’ అని రాశా.

మీరు కాలేజీ ఫెస్ట్ పోస్టర్ చేస్తున్నా, దుకాణం లోగో గీస్తున్నా ఇలాంటి రెండు రంగుల మధ్య చిక్కుకుంటే మూడు పనులు చేయండి. ఒకటి, రెండిటినీ ఆనించి పక్కపక్కన పెట్టండి. విడివిడిగా చూస్తే కన్ను సర్దుకుపోతుంది. రెండు, స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రెండూ ఒకే బూడిద రంగులోకి మారితే ఒకదాన్ని ముదురు చేయండి. మూడు, బ్రైట్‌నెస్ తగ్గించి, నైట్ మోడ్ పెట్టి, ఒకసారి ఎండలో చూడండి.

ఏది బాగుందని అడిగితే గంటలు గడిచిపోతాయి. ఈ రెండూ కలగాపులగమైతే నష్టం ఎవరికి అని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది. మా యాప్ విషయంలో ఆ నష్టం, గడువు కంటపడక అదనపు అద్దె కట్టాల్సి వచ్చే రైతుది. రంగుల నంబర్లు ఆయనకి అక్కర్లేదు. జేబులోంచి ఫోన్ తీసి ఒక్కసారి చూస్తే సంగతి తెలిసిపోవాలి, అంతే.