వేడి బయటికి పోయే దారి

పాత కారుకి వేరే ఇంజను ఎక్కించాలనుకునేవాళ్ళు షెడ్డుకి రాగానే పికప్ గురించి అడుగుతారు. తర్వాత మైలేజీ, ఆ తర్వాత ఖర్చు. వేడి సంగతి ఎవరూ ఎత్తరు. మే నెల మిట్టమధ్యాహ్నం జంగారెడ్డిగూడెం నుంచి జీలుగుమిల్లి వైపు పామాయిల్ గెలల ట్రాక్టరు వెనకాల ఇరుక్కున్నప్పుడు గుర్తుకొస్తుంది. అప్పటికే మీటరు ముల్లు ఎరుపు అంచున ఉంటుంది.

నాకు అంబాసిడర్ అంటే ప్రాణం. ఆఫీసర్ల బండిగా, పెళ్ళివారి బండిగా మాత్రమే దాన్ని చూసినవాళ్ళకి నమ్మబుద్ధి కాదు గానీ, దాని పాత ఇంజను అసలైన స్పోర్ట్స్ కారు వంశంలోదే. ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ తయారుచేసిన బీ-సిరీస్ 1489 సీసీ ఇంజనుతో 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల కారు వచ్చింది. అదే రకం 1489 సీసీ ఇంజను తర్వాత మన అంబాసిడర్ బోనెట్ కిందికి చేరింది. 1962 నాటి ఎంజీబీలో ఆ వంశం 1798 సీసీ దాకా పెరిగింది. అందుకే అంబాసిడర్‌కి జంట కార్బురేటర్లు పెట్టి, హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచుకునే కుర్రాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. ఏకంగా ఇంజనే మార్చేసేవాళ్ళూ ఉన్నారు. కంపెనీ కూడా 1990ల మొదట్లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టి అమ్మింది కదా. (మనం మారిస్తే మాత్రం ముందు ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అది మరవకండి.)

ఇంజను పవరు పెంచడమంటే ఎక్కువ పెట్రోలు కాల్చడమే. కాలిన పెట్రోలులో ఉన్న శక్తి మూడో వంతుకి మించి పనికి రాదు, పాత ఇంజన్లలో ఇంకా తక్కువే. మిగతాదంతా వేడి. అందులో సగం సైలెన్సర్ గుండా పోతే, తక్కిన దాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్ళు మోసుకెళ్ళి రేడియేటర్ దగ్గర దించాలి. పవరు సగానికి సగం పెంచి, రేడియేటర్ మాత్రం పాతదే ఉంచితే అది ఆ బరువు ఎలా మోస్తుంది?

మా ఊళ్ళో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. బండి హీటెక్కుతోందని ఎవరొచ్చినా బోనెట్ ఎత్తడు. ముందు ఒకే ప్రశ్న: "ఆగినప్పుడు హీట్ కొడుతుందాండీ, పోయేటప్పుడు కొడుతుందాండీ?"

సగం రోగం ఆ జవాబులోనే తెలిసిపోతుంది. మంగళవారం గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర జనంలో నత్తనడక నడిచేటప్పుడు ముల్లు పైకి పోయి, ఖాళీ రోడ్డెక్కగానే దిగిందంటే లోపం ఫ్యాన్ గాలిలో ఉంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఫ్యానే దిక్కు. వేగం అందుకున్నాక ఎదురుగాలే ఆ పని చేసేస్తుంది. అలా కాక రద్దీలో బాగానే ఉండి, ఖాళీ రోడ్డు మీద ఎనభైలో పోతుంటే ఎక్కిందంటే నీళ్ళు సరిగా తిరగడం లేదు, లేదా రేడియేటర్ చాలడం లేదు. టైమింగ్ వెనక్కి ఉన్నా, కార్బురేటర్ పెట్రోలు తక్కువ ఇస్తున్నా కూడా ఇలాగే కొడుతుంది. అవి ముందే చూపించుకోవాలి.

ఇంజను మార్చిన బండిలో ఫ్యాను ఉండాల్సిన చోట ఉండదు. కొత్త ఇంజను పొట్టిదైతే ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఇంజను ఆడుతుండగా న్యూస్‌పేపరు ముక్క ఒకటి రేడియేటర్ ముందు వైపు పెట్టి చూడండి. నడిమధ్య అతుక్కుంటుంది, మూలల్లో జారిపోతుంది. అంటే మూలల్లోంచి గాలే లాగడం లేదు. ఫ్యాను చుట్టూ రేకు కవరు కట్టించి, రెక్కలు సగం ఆ కవరు లోపల ఉండేలా చూసుకుంటే కాగితం నాలుగు మూలలా అతుక్కుంటుంది. కరెంటు ఫ్యాను పెట్టినవాళ్ళు వైర్లు తారుమారు కాలేదని కూడా చూసుకోవాలి. అటుదిటైతే ఫ్యాను ఎదురుగాలినే వెనక్కి తోస్తుంది.

ఇంజను ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచాక రేడియేటర్ మీద అరచెయ్యి జాగ్రత్తగా ఆనించి జరిపితే ఇంకో సంగతి తెలుస్తుంది. చుట్టూ కాలుతూ ఒక చోట చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు పూడిపోయాయన్నమాట. మా మెట్టప్రాంతంలో దీనికి మొదటి కారణం బోరు నీళ్ళు. వంటగిన్నెకి పట్టే ఆ తెల్ల పొరే ఇంజను లోపలా పడుతుంది. అది వేడిని బయటికి రానివ్వదు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంటు కలిపి పొయ్యాలి. రేడియేటర్ మూత సంగతి కూడా చిన్నది కాదు. ఏడు పౌన్ల మూత బాగుంటే నీళ్ళు దాదాపు 110 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిన మూతతో నూరుకే మరిగి పొంగిపోతాయి. అలాగని పాత రేడియేటర్‌కి పదిహేను పౌన్ల మూత బిగిస్తే అతుకులు ఊడతాయి. హీటెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేసే అలవాటు నాకు అసలు నచ్చదు. అసలు జబ్బు అలాగే ఉంటుంది, చలికాలం పొద్దున ఇంజను సరిగా వేడెక్కక అరుగుతుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా కొన్ని బండ్లు మాట వినవు. దానికి కారణం మా వైపు వర్జీనియా పొగాకు పండించే రైతుని అడిగితే చెబుతాడు. ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో రంగు నిలబెట్టే రోజుల్లో కింది కంతలు తెరిచి పై వెంటిలేటర్ మూసి ఉంచితే ఆకు కమిలిపోతుంది. కింద గాలి లోపలికి రావాలంటే, పైన గాలి బయటికి పోవాలి. బోనెట్ కిందా ఇదే. గ్రిల్లు ఎంత వెడల్పు చేసినా, పెద్ద ఇంజను ఇరుకుగా కూర్చున్న చోట వెనక నుంచి గాలి పోయే సందు లేకపోతే ముందు నుంచి కొత్త గాలి రాదు. రేడియేటర్ మీద డబ్బులు పోసేవాళ్ళు ఈ సందు గురించి ఆలోచించకపోవడం నన్ను బాధిస్తుంది.

దీనికి చాలామంది చేసే పని, బోనెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి కాస్త ఎత్తడం. బండి ఆగి ఉన్నప్పుడు వేడి గాలి అటుగా పోతుంది, నిజమే. వేగంగా పోయేటప్పుడు మాత్రం ముందు అద్దం అడుగున ఎదురుగాలి ఒత్తిడి ఎక్కువ. అక్కడి నుంచి గాలి బయటికి రావడం మాని లోపలికే దూరుతుంది. గాలి పోవాలంటే ఒత్తిడి తక్కువున్న చోట, అంటే రేడియేటర్‌కి కాస్త వెనగ్గా బోనెట్ పై భాగాన దారి ఇవ్వాలి. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ బోనెట్ మీద వరసగా కనిపించే చీలికలు సోకు కోసం పెట్టినవి కావు.

ఎండలు ముదరకముందే నా అంబాసిడర్‌కి కూడా అలాంటివి పెట్టించాలి. టింకరింగ్ మేస్త్రీతో మాట్లాడాను. వానకి డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్ళు పడకుండా లోపల చిన్న రేకు మడత కూడా పెడతానన్నాడు. కొలతలు ముందు అట్టముక్క మీద గీసి తెమ్మన్నాడు.