పెట్టె మీద నిలబడ్డ పిల్ల

1910 డిసెంబరు. అమెరికాలోని టెనసీ రాష్ట్రం, లౌడన్ పట్టణంలో ఒక హోజరీ మిల్లు. లూయిస్ హైన్ తీసిన ఫొటోలో ఒక చిన్న పిల్ల అల్లిక యంత్రం ముందు నిలబడి ఉంది. యంత్రం అందదు కాబట్టి కాళ్ల కింద పెట్టె వేసుకుంది. బాలకార్మికుల గురించి దేశానికి తెలియజెప్పడానికి జాతీయ బాలకార్మిక కమిటీ హైన్‌ను ఇలా మిల్లు మిల్లుకూ తిప్పింది.

మనకు హోజరీ అనగానే బనియన్లు గుర్తొస్తాయి. అమెరికాలో ఆ మాటకు అసలు అర్థం మేజోళ్లు. అక్కడి పిల్లల దుస్తుల చరిత్రలో మేజోళ్లది చిన్న పాత్రేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో ఆడపిల్ల గౌను మోకాళ్ల కిందికి కాస్త దిగితే, మగపిల్లాడి లాగు మోకాలి దగ్గరే ఆగిపోయేది. మిగిలిన కాలంతా పొడవాటి మేజోడుదే. ఎక్కువగా నల్లవి, నూలువి. చలికాలంలో ఉన్నివి. నలుపైతే మురికి కనిపించదు. సాగే దారం లేని రోజులు కాబట్టి గాళ్లుగాళ్లుగా అల్లితేనే కాలికి అతుక్కునేవి. అయినా జారిపోయేవి. లోపలి చొక్కాకు పట్టీలు వేలాడదీసి, క్లిప్పులతో పట్టి ఉంచేవారు. పిల్లాడు ఒకసారి బోర్లా పడితే మోకాలి దగ్గర చిల్లు. సాయంత్రం దీపం ముందు తల్లికి సూదీ దారంతో పని. అందుకే మోకాలి దగ్గర రెండు పొరల అల్లిక ఉందని కంపెనీలు గొప్పగా ప్రకటించుకునేవి.

మగపిల్లలకు ఆ మేజోళ్లంటే చిన్నతనానికి గుర్తు. పొడుగు ప్యాంటు వేసుకున్న రోజే పెద్దవాడైనట్టు. ఆడపిల్లకు ఆ విముక్తి లేదు. ఎంత చలైనా గౌనే, దాని కింద మేజోళ్లే.

ఈ మేజోళ్లు యంత్రం మీద గొట్టాల్లా అల్లుకుంటూ వచ్చేవి. కాలివేళ్ల దగ్గర మూసేందుకు మరో యంత్రం. దాని చక్రం చుట్టూ ఉన్న సన్నని ముళ్లకు ఒక్కో ముడినీ తగిలించాలి. ఒక్కటి తప్పినా చిల్లే. కళ్లు లాగేసే ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదీ ఆడపిల్లలదీ. 1900 జనాభా లెక్కల్లో 10 నుంచి 15 ఏళ్ల వయసులో సంపాదనకు వెళ్లేవాళ్లు దాదాపు 17.5 లక్షల మంది తేలారు. ఒక పిల్ల బడికి వేసుకెళ్లే మేజోళ్ల వెనక, బడి మొహం చూడని మరో పిల్ల చేయి ఉండొచ్చన్నమాట.

14 ఏళ్లలోపు పిల్లలతో పనిచేయించే ఫ్యాక్టరీల సరుకు రాష్ట్రం దాటి అమ్మరాదని 1916లో చట్టం వచ్చింది. నార్త్ కరోలినాలో ఇద్దరు కొడుకులను నూలు మిల్లులో పెట్టిన ఒక తండ్రి దాన్ని సవాలు చేశాడు. 1918లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్ని కొట్టేసింది. తండ్రికి ఆ కూలి డబ్బులే ముఖ్యమయ్యాయి. పేదరికం ఎవరి పక్షాన వాదిస్తుందో ఈ కేసు చెబుతుంది.

ఈలోగా ఫ్యాషన్ తన దారిన తాను సాగింది. 1920ల్లో పొట్టి సాక్స్ ప్రచారంలోకి వచ్చాయి. 1931లో లాస్టెక్స్ అనే రబ్బరు దారం వచ్చాక సాక్ తనంతట తానే కాలిని పట్టుకుని నిలిచింది. పట్టీలు, క్లిప్పుల బెడద తగ్గుతూ వచ్చింది. వెండితెర మీద షర్లీ టెంపుల్ తెల్లని పొట్టి సాక్స్‌తో గంతులేస్తే తల్లులు తమ కూతుళ్లకూ అవే కొన్నారు. మగపిల్లల మోకాలి లాగులు కూడా క్రమంగా కనుమరుగయ్యాయి. 1938లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. మిల్లు పనికి కనీస వయసు 16 ఏళ్లయింది. 1941లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించి, తన పాత తీర్పును తోసిపుచ్చింది.

మూడేళ్లు తిరిగేసరికి, 1944 అక్టోబరులో, న్యూయార్క్ పారమౌంట్ థియేటర్ బయట ఫ్రాంక్ సినాట్రా కోసం వేలాది అమ్మాయిలు ఎగబడ్డారు. వాళ్లకు పత్రికలు పెట్టిన పేరే బాబీ సాక్సర్లు. చీలమండ దగ్గర మడిచిన సాక్స్ ఒక తరానికే పేరైంది. 1959లో నార్త్ కరోలినా మిల్లు యజమాని అలెన్ గాంట్ నడుం దాకా వచ్చే పాంటీహోజ్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. ఆ తర్వాత చిన్నపిల్లలకూ టైట్సే మామూలయ్యాయి. గౌను వదలకుండానే ఆడపిల్ల కాళ్లకు వెచ్చదనం దక్కింది.

ఫ్యాషన్ పుస్తకాల్లో ఈ కథ సాక్స్ పొట్టివి కావడంతో, రంగులు పెరగడంతో పూర్తవుతుంది. పెట్టె కథ మాత్రం పూర్తి కాలేదు. ఇప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే సాక్స్‌లో అత్యధికం విదేశాల్లో తయారైనవే. బాలకార్మికుల చేతుల మీదుగా వస్తున్నాయని అనుమానించే సరుకుల జాబితాను అమెరికా కార్మిక శాఖ 2009లో తొలిసారి ప్రకటించింది. అందులో భారత్ నుంచి దుస్తులున్నాయి, హైబ్రిడ్ పత్తి విత్తనమూ ఉంది. ఆ విత్తనం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ చేలల్లో పొద్దున్నే వంగి పువ్వు పువ్వునూ చేత్తో పరాగ సంపర్కం చేసిన ఆడపిల్లల్ని తెలుగువాళ్లు చూశారు. వాళ్లకు పెట్టె అక్కర్లేకపోయింది. పత్తి మొక్క వాళ్ల ఎత్తే ఉంటుంది మరి.